బాలింతకు రెండు పొట్లాలు

ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు నా ముందు. నేల మీద తెల్ల గీతలు గీశారు, ఒక్కో గీత మీద ఒక్కో మనిషి, మధ్యలో ఎడ్లబండి పట్టేంత జాగా. ఆస్పత్రి గుమ్మం ముందు టెంటు దగ్గర పసుప్పచ్చ చొక్కావాడు చెయ్యి ఊపితేనే ముందుకి జరగాలి, వాడికేమో ఊపడానికి చెయ్యి రాదు. రెండింటి నుంచి మూడింటి దాకానే సామాను తీసుకుంటార్ట, మూడు దాటితే రేపు రమ్మంటార్ట. రెండూ పది అయింది. హాట్‌బాక్సుకి తువ్వాలు చుట్టి, దాని మీద నా శాలువా చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పొట్టకి ఆనించుకుని నిలబడ్డాను. ఇది చల్లారిందా, ఇంక దీన్ని తెచ్చినా ఒకటే, తేకపోయినా ఒకటే. ముందు నిలబడ్డ ఆ తాటిచెట్టంత మనిషి వీపు తప్ప నాకేం కనపడ్డం లేదు. నా పుత్రరత్నం కమలాకర్ పార్కింగులో కార్లో కూచున్నాడు, ఆఫీసు కాల్ ఉందిట. పెళ్లాం పైన రెండో అంతస్తులో కడుపు కోయించుకుని మూడు రోజులుగా సరిగ్గా తిండి లేక పడుంటే వీడికి కాల్. వీడు పనిచేసే కార్ల ఫ్యాక్టరీయే మూసేశారు, గొట్టాల్లోంచి పొగ రావడం లేదు, ఊరంతా ఎవరో పోయినట్టు ఉంది, వీళ్ల మీటింగులకి మాత్రం ఏ రోగమూ రాలేదు. 'లైన్లో ఒక్కరే ఉండాలమ్మా, అరగంటలో కాల్ అయిపోతుంది, నేను నిలబడతాను' అన్నాడు. నీ అరగంటలు నాకు తెలీవా నాయనా, నువ్వు పదో క్లాసు నుంచీ అరగంటలో స్నానానికి లేస్తూనే ఉన్నావు. నేనే దిగాను.

చేతులు నెప్పి పుడుతున్నాయి. మూతికి కట్టుకున్న గుడ్డలోంచి నా ఊపిరే నాకు వేడిగా తగుల్తోంది, పాత వెంకటగిరి చీర చింపి కుట్టుకున్నాను, ఇస్త్రీ వాసనొస్తోంది. సోమవారం పొద్దున్న పుట్టింది పిల్ల. నా మనవరాలు. ఫోనులో తప్ప చూళ్లేదు. పుట్టేటప్పుడు తండ్రిని ఉండనిచ్చారు, పుట్టిన రెండు గంటలకి బయటికి పొమ్మన్నారు, ఇంక ఎవ్వర్నీ రానివ్వరు. సరే, రోగాలు, జాగ్రత్తలు, ఒప్పుకున్నాను. కానీ ఆ తిండేవిటి? మొన్న సాయంత్రం ఫోటో పంపింది. తెల్ల పళ్లెంలో రెండు ముక్కలు నల్ల రొట్టె, చల్లగా, పక్కన చల్లటి చీజు రేకు, చల్లటి దోసకాయ ముక్కలు నాలుగు. ఇదేవిటి ఆస్పత్రిలో పొయ్యి లేదా అంటే, రాత్రిపూట వీళ్లిళ్లలో అందరూ ఇదే తింటారమ్మా అన్నాడు కమలాకర్. మీరు తినండిరా, మీ ఇష్టం, బాలింతకి పెడతారా? పచ్చి బాలింతకి చల్ల రొట్టె! చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి, పొగలు కక్కే అన్నంలో వెల్లుల్లి కారం, ఇంత నెయ్యి వేసి కలిపి పెట్టాల్సిన మనిషికి! మధ్యాహ్నం ఏదో వేడిదే ఇస్తార్ట, కానీ ఈ అమ్మాయి హలాల్ అయితేనే మాంసం తింటుంది, కాబట్టి రోజూ ఉడికించిన దుంప, దాని మీద ఒక తెల్ల జావ. ఆ వార్డులో వేడిగా దొరికేది టీకి పెట్టిన నీళ్లొక్కటేట. వరండాలో ఫ్లాస్కులో పెడతార్ట, ఎవరికి కావాలంటే వాళ్లు పోసుకోవడం. పాలు పడలేదు ఇంకా. పిల్లకి సీసా పాలు పట్టిస్తున్నారు. పాలెలా పడతాయి, మీ మొహం, తల్లి కడుపులోకి ఏం పోయిందని? సూట్‌కేసులో శొంఠి, పిప్పళ్లు, మిరియాలు దంచి బెల్లంతో పాకం పట్టిన కాయం తెచ్చాను కాకినాడ నుంచి, కస్టమ్స్ వాడు మూత తీసి వాసన చూసి మొహం అదోలా పెట్టినా వదల్లేదు. ఆ సీసా ఇంట్లో షెల్ఫులో ఉంది. మనిషి ఇక్కడుంది. మధ్యలో ఈ గీతలు.

ఎనిమిదిమంది. ఈ తాటిచెట్టు కదిలాడు.

సత్యవతి ఏం అడిగిందంటే నూడుల్స్ అడిగింది. అదీ నా ఒంటి మంట. సత్యవతి అంటే నా కోడలు, వాళ్ల భాషలో సెత్యవతి అంటారు, ఇండోనేషియా పిల్ల, జావాలో జోగ్జా అనే ఊరు. వీడూ తనూ ఇక్కడే దగ్గర్లో ఎమ్మెస్ చదివారు, ఒకే హాస్టలు, ఒకే వంటిల్లు. పెళ్లంటే కాకినాడలో అందరికీ పేరు చెప్పాను, ఊరు చెప్పాను, మతం మాత్రం అడిగినవాళ్లకే చెప్పాను, అడగనివాళ్లకి చెప్పలేదు. అదో పిరికితనం, ఒప్పుకుంటాను. పిల్ల మంచిదే. వచ్చీరాని తెలుగులో అత్తయ్యా అత్తయ్యా అంటూ వెనకే తిరుగుతుంది, ఏమన్నా నవ్వుతుంది, ఎదురు చెప్పదు. నా కోపం ఆ పిల్ల మీద కాదు. వంటింటి అల్మరాలో కింది అరలో ఉన్న ఆ నలభై పొట్లాల అట్టపెట్టె మీద. నేను ఫిబ్రవరిలో పురుటికని వచ్చాను, వచ్చిన మొదటిరోజే ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు చేశాను. ఇద్దరూ బాగుందని తిన్నారు. మర్నాడు వానొచ్చింది. 'వాన! కమల్, వాన!' అని చప్పట్లు కొట్టింది ఏడు నెలల కడుపుతో, వీడు పరిగెత్తుకెళ్లి రెండు పొట్లాలు తీశాడు, నా పులుసు ఫ్రిజ్జులోకి పోయింది. అంతటితో అయిందా, ఆ నూడుల్స్‌ని అన్నంలో కలుపుకుని తిన్నారు! అన్నంలో నూడుల్స్ ఏవిట్రా అంటే, నూడుల్స్ కూరమ్మా అన్నాడు. నా కడుపున పుట్టినవాడు.

కూచోబెట్టి చెప్పింది ఓరోజు. వాళ్ల దేశంలో వానొస్తే నూడుల్స్ట, నెలాఖరైతే నూడుల్స్ట, పరీక్షలకీ అవే, రైల్లో అవే, చంటిపిల్లల్ని మారాం మాన్పించడానికీ అవే. మనకి టీ కొట్టు ఉన్నట్టు సందుకో నూడుల్స్ కొట్టుట, పైన రేకు, రెండు బల్లలు, రంగురంగుల పొట్లాలు దండల్లా గుచ్చి వేలాడదీస్తార్ట, కూలివాడూ కాలేజీ పిల్లలూ పోలీసూ పక్కపక్కన కూచుని ఊదుకుంటూ తింటార్ట. మా వియ్యపురాలు సుమర్నిది అలాంటి కొట్టే. దాని మీదే ముగ్గురు పిల్లల్ని చదివించింది. సత్యవతికి పద్నాలుగేళ్లప్పుడు వాళ్ల ఊళ్లో భూకంపం వచ్చి ఇల్లు కూలిపోయిందిట, కొట్టు మీద రేకు మిగిలింది. వాన. బియ్యం తడిసిపోయాయి. మొదట వచ్చిన లారీనిండా నూడుల్స్ పెట్టెలేట. వాళ్లమ్మ ఆ రేకు కింద రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించి వీధి వీధంతటికీ వండి పోసిందిట. 'ఆ ప్లేట్ వేడిగా నా చేతిలో పెట్టింది అమ్మ. అప్పుడు తెలిసింది అత్తయ్యా, మేము బతికాము అని' అంది. నేను ఊ కొట్టాను. చిక్కుడుకాయలు తుంచుతూ, మొహం కూడా ఎత్తకుండా ఊ కొట్టాను. ఎంత మొద్దు మొహాన్ని! ఎవరన్నా ఆ మాట చెబితే చిక్కుళ్లు తుంచుతారా?

పొద్దున్నే మా ఆయన గోవిందరాజులు గారు ఫోను. అక్కడ లాక్‌డౌను, వంటమనిషి రావడం లేదుట. ఏం తింటున్నారండీ అంటే నసిగారు. ఏవిటా నసుగుడంటే, అదేనే, రెండు నిమిషాల పొట్లం, బాగానే ఉంది సుమా అన్నారు. నలభై ఏళ్లు వండి వార్చిన చేతులు నావి! ప్రపంచమంతా ఏకమై నా మీద పగబట్టిందా ఏవిటి?

ఆరుగురు. రెండూ ఇరవై ఐదు. బాక్సు అడుగు చేత్తో తడిమాను, వేడి ఉంది.

ఇప్పుడు నేను చేసిన పని. ఎవరికీ చెప్పలేదు, కమలాకర్‌కి కూడా పొద్దున్న దాకా చెప్పలేదు. మూడు వారాల కిందట, పురుటికి ఇల్లు సర్దుతున్నాను. బాలింత ఇంట్లో ఈ దిక్కుమాలిన పెట్టె ఉంటే మొదటిరోజే దీని మీద పడతారు మొగుడూ పెళ్లామూ, నా పథ్యం గంగలో కలుస్తుంది అనుకున్నాను. పారేద్దామంటే తిండి, పారేయడానికి చెయ్యాడలేదు. ఈ ఊళ్లో ఒక పద్ధతుంది, అక్కర్లేనివి అట్టపెట్టెలో పెట్టి గుమ్మం బయట ఫుట్‌పాత్ మీద పెడతారు, మీద ఒక కాగితం, కావలసినవాళ్లు పట్టుకుపొండి అని. ఎదురింటివాళ్ల పుస్తకాల పెట్టె మీదున్న కాగితం చూసి, ఆ అక్షరాలు ఒక్కొక్కటే దిగరాశాను, ముగ్గేసినట్టు. సత్యవతి డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఉందని వెళ్లిన పూట పెట్టెని బయట పెట్టి, బాల్కనీలోంచి చూశాను. అప్పుడు షాపుల్లో నూడుల్స్ లేవు, పిండి లేదు, కాగితం చుట్టలు లేవు, జనం ఎగబడి కొనుక్కుపోయారు. ఎంతసేపు పడుతుంది? పది నిమిషాలు. మా పైఅంతస్తులో ఉండే ముసలామె, శ్రీమతికి వీళ్ల భాషలో ఫ్రావ్ అంటారు, ఫ్రావ్ హార్ట్‌విగ్, అటూ ఇటూ చూసి పెట్టె మొత్తం ఎత్తుకుపోయింది. హమ్మయ్య అనుకున్నాను. సాయంత్రం సత్యవతి అల్మరా తీసింది. ఖాళీ అర చూసింది. తలుపు మూసింది. నా వైపు తిరిగి ఎప్పట్లాగే నవ్వి, 'అత్తయ్యా, టీ?' అంది. అడగలేదు. మర్నాడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక పెద్ద ఉపన్యాసం తయారుగా పెట్టుకున్నాను, పథ్యం గురించి, వేడి చేయడం గురించి, గ్యాసు గురించి. అది నా నోట్లోనే ఉండిపోయింది.

నిన్న సాయంత్రం ఫోను చేసింది. కమలాకర్ ఎత్తితే, ఫోను అత్తయ్యకి ఇవ్వు అందిట. వెనకాల పసిపిల్ల ఏడుపు, నా మనవరాలిదో వేరేవాళ్లదో. గొంతు పీలగా ఉంది. 'అత్తయ్యా, రొట్టె తినలేను. కుట్లు నెప్పి. పాలు లేవు. నాకు ఒకటే కావాలి. మా అమ్మ నూడుల్స్. మన ఇంట్లో ఉన్నాయి కదా, మీరు చెయ్యండి.' మన ఇంట్లో ఉన్నాయి కదా! ఉన్నాయమ్మా, రేపు తెస్తాను అన్నాను. అలా ఎలా అన్నానో నాకే తెలీదు. పొద్దున్న ఏషియా షాపు మూసుంది, సూపర్‌మార్కెట్టులో ఆ అర నున్నగా ఉంది. అప్పుడు చెప్పాను కమలాకర్‌కి. వాడు అరవలేదు. 'అమ్మా' అన్నాడు, అంతే, తల పట్టుకుని కూచున్నాడు. అరిచినా బాగుండును. ఇచ్చిన వస్తువుని వెనక్కి అడగడం మా ఇంటావంటా లేదు. పైగా భాష రాదు. అయినా ఎక్కాను పై అంతస్తు. ఆవిడ తలుపు బెత్తెడు తీసి చూసింది. నేను రెండడుగులు వెనక్కి నిలబడి, పొట్ట చూపించాను, చేతుల్లో పిల్లని ఊపినట్టు ఊపాను, ఆస్పత్రి వైపు చూపించాను, నోట్లో నూడుల్స్ జుర్రినట్టు జుర్రాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదావిడ. లోపలికెళ్లి పెట్టె మొత్తం తెచ్చి గుమ్మంలో పెట్టింది, మీద నాలుగు గుడ్లు కూడా పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, దాంతో ఇంకా కోపమొచ్చింది.

తర్వాత వండడం. కమలాకర్ జోగ్జాకి వీడియో కలిపాడు. వియ్యపురాలు కొట్టులోనే ఉంది, బల్లలు తలకిందులుగా ఎత్తి పెట్టున్నాయి, అక్కడా మూతే. ఆవిడకి తెలుగు రాదు, నాకు వాళ్ల భాష రాదు, ఫోను కప్పుల డబ్బాకి ఆనించి నిలబెట్టి ఇద్దరం పొయ్యిల ముందు నిలబడ్డాం. ఆవిడ రెండు వేళ్లు చూపించింది, రెండు పొట్లాలు. నీళ్లు మరిగాక వెయ్యి. ఈలోగా పళ్లెంలో చిన్న పొట్లాలన్నీ చింపు, పొడి, నూనె, తియ్యటి నల్ల పాకం, కారం. నేను పొడి తీసుకెళ్లి నీళ్లలో వెయ్యబోతే అక్కణ్నుంచి కేక పెట్టింది చూడండి, ఏడు సముద్రాల అవతల నుంచి నా చెయ్యి ఆగిపోయింది. నీళ్లు వార్చెయ్యాలిట. గంజి వార్చినట్టు. అది నాకు తెలుసు, వార్చాను. ఆవిడ బొటనవేలు ఎత్తింది. నాలుగు పచ్చిమిరపకాయలు చూపించి, తరగమంది. బాలింతకి నాలుగు మిరపకాయలా? నేను ఒక్కటి చూపించాను. ఆవిడ నాలుగు. నేను రెండు. ఆవిడ నాలుగే. అప్పుడు మండింది నాకు, షెల్ఫులోంచి కాయం సీసా తెచ్చి ఫోనుకి ఆనించి చూపించాను, ఇదీ పెట్టాల్సింది అని. ఆవిడ దగ్గరికి వచ్చి చూసింది. సీసాలో రంగు చూసింది, నేను శొంఠి కొమ్ము చూపిస్తే చూసింది, మిరియాలు చూసింది. 'జాము! జాము!' అని కేకలు. లోపలికెళ్లి ఆవిడా ఒక సీసా తెచ్చింది, అదే రంగు, అదే చిక్కన. వాళ్ల జాము అంటే మన కాయంలాంటిదే, బాలింతకిచ్చేదే. తన సీసా చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఇక్కణ్నుంచి ఎలా పంపను అన్నట్టు చేతులు విప్పింది. కూతురు పురిటికి రాలేకపోయిన తల్లి. విమానాలు లేవు. అప్పుడు నేను నాలుగు మిరపకాయలూ తరిగాను.

ముగ్గురు. రెండూ నలభై. సంచీలో ఇంకో రెండు పొట్లాలున్నాయి, విప్పనివి. ఎందుకు తెచ్చానంటే నా దొంగబుద్ధి. ఇదిగో, నీ పొట్లాలు ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉన్నాయి అని తనకి ఋజువు. ముసలితనంలో ఎంత తెలివి!

తాటిచెట్టు పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు కనపడింది బోర్డు. బొమ్మలు. ఒక మూతగిన్నె బొమ్మ, దాని మీద ఎర్ర గీత అడ్డంగా. దాని కింద సీలున్న ప్యాకెట్టు బొమ్మ, పక్కన పచ్చ టిక్కు. నలభై నిమిషాలుగా ఆ మనిషి వీపు చూస్తూ నిలబడ్డాను నేను. పసుప్పచ్చవాడు నా శాలువా వైపు చూసి, బొమ్మ వైపు చూపించి, తల అడ్డంగా ఊపాడు. 'నైన్.' వీళ్ల భాషలో కుదరదని. ఏవిట్రా నైన్? వేడిగా ఉంది, చూడు, పట్టుకుని చూడు! మూడు రోజులైంది దాని కడుపులో మెతుకు పడి! నీకు తల్లి లేదూ, నిన్ను కన్నాక ఆవిడకి చల్ల రొట్టె పెట్టారా? ఈ గిన్నెలో రోగం లేదు, మీ గీతల్లో ఉంది, మీ బొమ్మల్లో ఉంది! తెలుగులోనే అరిచాను, గొంతు చించుకుని. వాడు కుర్రాడే, పాతికేళ్లుంటాయేమో, చెవులు ఎర్రబడ్డాయి, అయినా తల ఊపుతూనే ఉన్నాడు. లైను మొత్తం నన్నే చూస్తోంది. కమలాకర్ కార్లోంచి దిగి పరిగెత్తుకొస్తున్నాడు, చెవిలో ఆ దిక్కుమాలిన కాల్ అలాగే ఉంది. గిన్నె వాడి మొహం ముందుకి చాపబోతే సంచీ జారింది. పొట్లాలు రెండూ కింద పడ్డాయి. వాడు వంగి తీశాడు. తిప్పి చూశాడు. విప్పనివి. సీలున్నవి. పచ్చ టిక్కు బొమ్మ చూపించి, పేరు చెప్పండి అన్నట్టు చీటీ తీశాడు.

నా వంట వద్దుట. దొంగ ఋజువు మాత్రం కావాల్ట.

ఫోను మోగింది. 'అత్తయ్యా, పైకి చూడండి.' రెండో అంతస్తు, నాలుగో కిటికీ. తెల్ల గౌను, జుట్టు చెదిరిపోయి, ఒక చెయ్యి పొట్ట మీద. ఎంత చిన్నగా ఉంది! ఈ పిల్లేనా, ఇంట్లో నవ్వుతూ తిరిగిన పిల్ల? 'అరుపులు విన్నాను' అంది. వేడి గిన్నె తీసుకోవడం లేదమ్మా, పొట్లాలే తీసుకున్నారు అన్నాను. 'చాలు. వేడినీళ్లు ఉన్నాయి ఇక్కడ. టీ నీళ్లు.' పొట్లాలు పైకెళ్లడానికి పావుగంట. నేను లైను వదిలి కిటికీ కింద బెంచీ మీద కూచున్నాను. కమలాకర్ నా పక్కన నిలబడ్డాడు, కాల్ ఎప్పుడు తీసేశాడో తెలీదు. కాసేపటికి మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది, చేతిలో పెద్ద కప్పు, మీద పళ్లెం మూత. ఇంక నా నోట్లో ఆగలేదు. 'అమ్మా, నీకో మాట చెప్పాలి. ఆ పెట్టె నేనే బయట పెట్టేశాను.'

'తెలుసు.'

'ఏవిటి తెలుసు?'

'ఫ్రావ్ హార్ట్‌విగ్ ఆ మర్నాడే మెట్ల మీద నన్ను ఆపింది. ఇది ఎలా వండాలి అని అడిగింది. నేను చెప్పాను.' కప్పు మీద మూత తీసి, ఆవిరి వెనకాల నుంచి నన్ను చూసింది. ఎప్పటి నవ్వు కాదు. 'నాకు చాలా కోపం వచ్చింది అత్తయ్యా. మూడు వారాలు. అందుకే నిన్న కమల్‌ని అడగలేదు. మిమ్మల్ని అడిగాను.'

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మూడు వారాలు! నా ఎదురుగా కూచుని, నా చేతి ముద్దలు తింటూ, టీ ఇస్తూ, నవ్వుతూ, లోపల ఇంత పెట్టుకుందా? నేను పైఅంతస్తు మెట్లెక్కి ముష్టెత్తాలని చూసిందా? అంతలోనే ఏదో వదులైంది నాలో. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో కోపం నాకొక్కదానికే ఉందనుకున్నాను. శాలువా విప్పాను, తువ్వాలు విప్పాను, హాట్‌బాక్సు మూత తీశాను. మూతి గుడ్డ కిందికి లాగి, వేళ్లతోనే ఇంత తీసి నోట్లో పెట్టుకున్నాను, నా జన్మలో మొదటిసారి. తియ్యగా, ఉప్పగా, ఆ నాలుగు మిరపకాయలూ ఒకేసారి నసాళానికంటాయి. కళ్లూ ముక్కూ కారిపోయాయి. పైన అది చూస్తూనే ఉంది, కప్పు పట్టుకుని, తినకుండా.

'చూస్తావేవిటే? తిను ముందు, చల్లారిపోతోంది,' అన్నాను. 'ఇంటికొచ్చాక తీరిగ్గా తిడుదువుగాని.'